చచ్చిన గదిలో గుసగుస

ఆ బుధవారం మధ్యాహ్నం ఇంగ్లండు ఒక గొంతును పోగొట్టుకుంది.

జాస్పర్ లోవెల్ ముఖం వీధిలో ఎవరూ గుర్తుపట్టరు. గొంతు మాత్రం పసిపిల్లలు కూడా గుర్తుపడతారు. బుధవారం మూడింటికి రేడియోలో అతని నాటకం మొదలైందంటే వంటిళ్ళలో గిన్నెల చప్పుడు ఆగిపోయేది. ఇన్‌స్పెక్టర్ లెనార్డ్ హాస్కెట్ భార్య ఈడిత్ ఆసుపత్రి మంచం మీద విన్న ఆఖరి కథ ఆ గొంతులోనే విన్నది. ఆమె పోయి ఏడు నెలలైనా అతను బుధవారం నాటకం మానలేదు. ఆ రోజు స్టేషన్ క్యాంటీన్‌లో విన్నాడు. చిత్తడినేలలో పారిపోతున్న గూఢచారి గాయపడి, ఊపిరి చాలక గుసగుసగా మాట్లాడుతుంటే, హాస్కెట్ చేతిలోని టీ చల్లారిపోయింది.

నాలుగింటికి ఫోన్ వచ్చింది. లోవెల్‌ని స్టూడియోలోనే నరికేశారు.

రేడియో భవనంలో నాటకాల స్టూడియోలు నేలమాళిగలో ఉన్నాయి. పెద్ద స్టూడియో పక్కన చిన్న గది ఒకటి ఉంది. గోడలకి మందపాటి ఉన్నిగుడ్డ, నేల మీద తివాచీ, దళసరి తలుపు. లోపల ఏం మాట్లాడినా ప్రతిధ్వని పుట్టదు. అందుకే ఆరుబయట జరిగే సన్నివేశాలు అక్కడ నిలబడి చదువుతారు. అక్కడి వాళ్ళు దాన్ని చచ్చిన గది అంటారు. ఆ మాట ఇప్పుడు ఎవరూ పైకి అనడం లేదు.

లోవెల్ తలుపు వైపు కాళ్ళు పెట్టి వెల్లకిలా పడి ఉన్నాడు. మూడు వేట్లు. ఒకటి భుజం మీద, ఒకటి దవడ మీద. మూడోది మెడలో దిగి ఎముక దగ్గర ఆగింది. మాంసం కొట్టే వెడల్పాటి కత్తి ఇంకా అక్కడే ఉంది. పిడి శుభ్రంగా తుడిచి ఉంది. దాని అలుగు మీద నెత్తుటితో పాటు క్యాబేజీ తునక ఒకటి అంటుకుని ఉంది.

“విందు అయిపోయింది హాస్కెట్. ఎంగిలి పళ్ళేలు ఎత్తడానికి వచ్చావు,” అన్నాడు చీఫ్ ఇన్‌స్పెక్టర్ మార్టిన్ డ్రేకట్. ఒకప్పుడు అతను హాస్కెట్ కిందే పనిచేశాడు. ఇప్పుడు ఒక మెట్టు పైనున్నాడు. ఆ మెట్టుని ఏ రోజూ మరిచిపోనివ్వడు.

“ఎవరు?”

“నోరా పాస్కో. చప్పుళ్ళు చేసే అమ్మాయి. నాటకం మొదట్లో గూఢచారి స్నేహితుడి తల నరుకుతారు కదా, ఆ చప్పుడు కోసం ఆ పిల్ల క్యాబేజీని నరికింది. కత్తి ఆమెదే. లోవెల్ ఆమెతో తిరిగి, మోజు తీరాక వదిలేశాడు. కిందటి శుక్రవారం క్యాంటీన్‌లో పదిమంది ముందు, నీ మెడే క్యాబేజీ అనుకుంటానని అరిచింది. చాలా, ఇంకా కావాలా?”

“ఎప్పుడు చంపిందంటావు?”

“గుసగుస మాటలతో లోవెల్ వంతు అయిపోయింది. తర్వాత చివరి సన్నివేశం పెద్ద స్టూడియోలో, ఇంట్లో జరిగేది. దాంట్లో ఈ అమ్మాయికి పని లేదు. ఒంటరిగా నడవాలో సిగరెట్ కాల్చానంటోంది. ఎవరూ చూడలేదు. ఆరింటి వార్తల్లో చెప్పడానికి కబురు పంపించేశాను. పొద్దున్న మేజిస్ట్రేటు ముందు నిలబెడతాను.”

పొద్దున్న మేజిస్ట్రేటు, తర్వాత పెద్ద కోర్టు, ఆ తర్వాత ఉరి. ఆ దారి ఎంత వేగంగా నడుస్తుందో హాస్కెట్‌కి తెలుసు. ఒకసారి ఆ దారిన వెళ్ళినవాళ్ళని వెనక్కి పిలవడం ఎంత కష్టమో కూడా తెలుసు.

అతను మోకాళ్ళ మీద కూర్చుని నేలని చూశాడు. టైపు కొట్టిన నాటకం విడి కాగితాలు తివాచీ మీద చిందరవందరగా పడి ఉన్నాయి. పైనున్న వాటి మీద నెత్తుటి చుక్కలు వానలా పడ్డాయి. ఒక్కొక్కటీ వరసపెట్టాడు. ముప్ఫై ఒకటో పేజీతో ఆగిపోయాయి.

“మిగతావి?”

“అదుగో, స్టూలు మీద.”

గోడవారన గుండ్రటి చెక్క స్టూలు. దాని మీద ఏడు కాగితాలు, రాత కిందికి వచ్చేట్టు బోర్లించి, అంచుకి అంచు కలిపి పేర్చి ఉన్నాయి. పైకాగితం తెల్లగా ఉంది. స్టూలు అంచంతా మాత్రం నెత్తురు చిలికి ఉంది. హాస్కెట్ చేతిరుమాలుతో దొంతర ఎత్తాడు. కాగితాల కింద కూడా నెత్తుటి చుక్కలున్నాయి. అన్నిటికన్నా అడుగునున్న ముప్ఫైరెండో పేజీకి, అచ్చు ఆ చుక్కలే, తడి మీద పెట్టినట్టు అంటుకున్నాయి.

నాటకం నడిపించిన కత్‌బర్ట్ రేన్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. శవాన్ని మొదట చూసింది అతనే. బాగా చదివావని చెప్పడానికి తలుపు తీశాడట.

“రేన్ గారూ, మీ నటులు కాగితాలు ఇలా కింద పారేస్తారేం?”

“పారెయ్యరు, జారవిడుస్తారు. పేజీ తిప్పితే మైకులో అడవి తగలబడుతున్నట్టు వినిపిస్తుంది. అందుకే కట్టు విప్పేసి, చదివిన కాగితాన్ని చదివినట్టే తివాచీ మీదకి వదిలేస్తారు. మొదటిరోజే నేర్పిస్తాం.”

“మరి ఇవి?”

రేన్ స్టూలు వైపు చూసి కనుబొమలు ముడిచాడు. “లోవెల్ అలా పెట్టడు. ఛస్తే పెట్టడు.” అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

చదువుకునే స్టాండు మైకుకి అవతలి పక్కన ఉంది. దాని మీద ఒక్క చుక్క పడలేదు. హాస్కెట్ దాన్నీ, స్టూలునీ, శవాన్నీ మార్చి మార్చి చూశాడు. లోవెల్ తలుపు చప్పుడుకి ఇటు తిరిగాడు. వేటు పడింది. నెత్తురు స్టూలు వైపు చిమ్మింది. చదవాల్సిన కాగితాలు అవతల స్టాండు మీద క్షేమంగా ఉన్నాయి. ఆ తర్వాత ఎవరో వాటిని తీసి, ఒక్కొక్కటే ఈ తడి స్టూలు మీద బోర్లించారు.

“డ్రేకట్, ఈ ఏడు పేజీలూ చదివేటప్పటికే లోవెల్ నేల మీద ఉన్నాడు.”

డ్రేకట్ నవ్వాడు. “దేశమంతా విన్నది శవం మాటలా?”

“శవం పక్కన నిలబడ్డవాడి మాటలు.”

“చంపేశాక ఆ పిల్లే తీసి సర్దింది. ఆడవాళ్ళకి సర్దే రోగం ఉంటుందిలే. నీ ఇంట్లో ఇప్పుడు సర్దేవాళ్ళు లేరు గనక మర్చిపోయి ఉంటావు.”

హాస్కెట్ లేచి నిలబడ్డాడు. పిడికిలి బిగుసుకుంది. ఇద్దరు కానిస్టేబుళ్ళు చూపులు పక్కకి తిప్పుకున్నారు. డ్రేకట్ ఒక అడుగు వెనక్కి వేశాడు గాని నవ్వు ఆపలేదు.

“వేలిముద్రలు తీయించు,” అన్నాడు హాస్కెట్ చివరికి.

“రిహార్సల్‌లో ఆ కాగితాలు అందరి చేతుల్లోనూ పడ్డాయి. నీకు ఆరింటి దాకా టైము. ఆడుకో.”

నోరా పాస్కోని సామాన్లగదిలో కూర్చోబెట్టారు. చుట్టూ కొబ్బరిచిప్పలు, గొలుసులు, గోడ లేని తలుపు ఒకటి, గాలి చప్పుడు చేసే పీపా. ఆమెకి పాతికేళ్ళుంటాయి. ఒక కన్ను కమిలి ఉంది.

“ఎవరు కొట్టారు?”

“మీ వాళ్ళే. ఒప్పుకోమని ముద్దుగా అడిగారు.” ఆమె ముక్కు తుడుచుకుంది. “ఆ క్యాబేజీ సగం ఇంటికి పట్టుకెళ్ళి అమ్మకి వండిపెడదామనుకున్నాను సార్. ఇప్పుడది సాక్ష్యమట. ఇంతమంది పోలీసులు కాపలా కాసిన క్యాబేజీ లండన్‌లో ఇంకోటి ఉండదు.”

“లోవెల్‌ని చంపుతానన్నావట.”

“అన్నాను. మా తమ్ముణ్ణి రోజుకి రెండుసార్లు చంపుతానంటాను. వాడికి పందొమ్మిదేళ్ళొచ్చాయి, బాగానే ఉన్నాడు.”

“కత్తి ఎక్కడ పెట్టావు?”

“తోపుడుబల్ల మీద. చచ్చిన గది తలుపు పక్కనే. ఎప్పుడూ అక్కడే. నేను పెద్ద స్టూడియో మూల నా తొట్టె దగ్గరికి పోయాను.”

“తొట్టెలో ఏముంది?”

“తడిపిన వార్తాపత్రికలు. చేత్తో పిసికితే బురదలో నడిచినట్టు వినిపిస్తుంది. గుసగుస ఉన్నంతసేపూ మోచేతుల దాకా అందులోనే ఉన్నాను. కావాలంటే ఇంగ్లండులో ఎవర్నైనా అడగండి, నా అడుగులు వినే ఉంటారు.”

హాస్కెట్ విన్నాడు. క్యాంటీన్‌లో ఆ అడుగుల కోసమే ఊపిరి బిగబట్టాడు.

“ఇవాళ లోవెల్ చదవడంలో తేడా ఏమైనా ఉందా?”

ఆమె వేళ్ళకి అంటుకున్న నల్లసిరాని గోటితో గీరుకుంది.

“మర్యాద ఉంది,” అంది. “లోవెల్‌కి ఒకరి కోసం ఆగడమంటే తెలియదు. నా అడుగు పడకముందే మాట మొదలెట్టి తొక్కేసేవాడు. ఇవాళ అడుగు పడేదాకా ఆగాడు. ప్రతిసారీ. అమ్మయ్య, పెద్దమనిషి పని నేర్చుకున్నాడే అనుకున్నాను.” ఉన్నట్టుండి ఆమె ముఖం పాలిపోయింది. “సార్... ఆగింది ఎవరు?”

హాస్కెట్ ఆమె మాటల్ని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

“నన్ను ఉరి తీస్తారా?”

“నువ్వు చెయ్యనిదానికి తియ్యనివ్వను.”

“పొద్దున్న వస్తారా?”

“వస్తాను.”

రేన్ తన గాజుగదిలో, ఆర్పేసిన మీటల ముందు కూర్చున్నాడు. అద్దంలోంచి పెద్ద స్టూడియో మొత్తం కనబడుతుంది. చచ్చిన గది కనబడదు. అక్కడికి ఒక పచ్చదీపం మాత్రం వెళుతుంది. దీపం వెలిగితే చదవాలి.

“ముప్ఫై ఒకటో పేజీకీ ముప్ఫైరెండుకీ మధ్య ఏం జరిగింది?”

“ఇక్కడ, పెద్ద స్టూడియోలో తగాదా సన్నివేశం. ఆ గది మైకు మూసేశాను. తర్వాత తెరిచి, పచ్చదీపం వేశాను. అతను అందుకున్నాడు.”

“మూసినంతసేపూ అక్కడ మనిషిని నరికినా మీకు వినబడదు.”

“వినబడదు.” రేన్ కళ్ళు మూసుకున్నాడు.

“ఆ గుసగుస లోవెల్‌దేనని ప్రమాణం చెయ్యగలరా?”

“గుసగుసకి గొంతెక్కడిదండీ? ఉట్టి ఊపిరి.”

“మీ వాళ్ళలో అప్పుడు మీ కళ్ళ ముందు లేనిది ఎవరు?”

“నటులందరూ ఉన్నారు. నోరా ఉంది. ఇంజనీరు నా పక్కనే ఉన్నాడు.” కాస్త ఆగి, “సెప్టిమస్ గ్రేల్ ఉండడు. ప్రకటనలు, ఆరింటి వార్తలు అతనివి. మొదట్లో నాటకం పేరు, చివర్లో నటుల పేర్లు చెబుతాడు. మధ్యలో పని లేదు,” అన్నాడు.

“గ్రేల్‌కీ లోవెల్‌కీ ఎలా ఉండేది?”

రేన్ టై సర్దుకున్నాడు. “ఇక్కడ అలాంటివి మాట్లాడుకోం.”

“మాట్లాడుకోకండి. ఆ అమ్మాయి మెడకి తాడు వేస్తారు. అప్పుడు దానిగురించి కూడా మాట్లాడుకోకుండా ఉండొచ్చు.”

రేన్ ఒక మీటని వేలితో పైకీ కిందికీ ఆడించాడు. “గ్రేల్ భార్య రెండేళ్ళుగా లోవెల్ ఇంట్లో ఉంటోంది. అందరికీ తెలుసు. ప్రతి బుధవారం ‘జాస్పర్ లోవెల్ నటించిన’ అని గ్రేలే చెప్పాలి. ఎంత నిండుగా చెప్పేవాడో! ఒక్కసారి కూడా తడబడలేదు.”

“ఇవాళ?”

“ఇవాళా అంతే. నల్లకోటు తొడుక్కుని, చక్కగా చెప్పాడు.”

“నల్లకోటా?”

“వార్తలు చదివేవాళ్ళు ఆరింటికి వేసుకునే కోటు. రేడియోలో ఎవరికీ కనబడకపోయినా ఇక్కడ అదో ఆచారం. మూడింటికి నాటకం పేరు చెప్పినప్పుడు బూడిదరంగు కోటులో ఉన్నాడు. ముగింపుకి నల్లకోటులో వచ్చాడు. ఇంత పెందలాడే ఎందుకా అనుకున్నాను.”

“అడగలేదా?”

“మర్యాద కాదు కదండీ.”

ఆరింటికి హాస్కెట్ వార్తల స్టూడియో పక్క గదిలో నిలబడ్డాడు. చేతిలో ఆ ఏడు కాగితాలున్నాయి. అతనికీ, వార్తలు చదవబోతున్న గ్రేల్‌కీ మధ్య నిలువెత్తు అద్దం. టైము చెప్పే బీప్ చప్పుళ్ళు అయ్యాయి. ఎర్రదీపం వెలిగింది.

గ్రేల్ పొడవాటి మనిషి. నెరిసిన జుట్టు, నల్లకోటు, తెల్లటి కఫ్. బల్ల ముందు నిటారుగా కూర్చుని చదువుతున్నాడు. మాంసం రేషను గురించి మొదటి కాగితం అయింది. దాన్ని కింద వదిలెయ్యలేదు. ఎడమచేత్తో మైకు కింద నుంచి మెత్తగా పక్కకి జరిపి, బోర్లించి, మూలని బొటనవేలితో సర్దాడు. రెండోది దాని మీద. మళ్ళీ బొటనవేలు. అంచుకి అంచు.

హాస్కెట్ తన చేతిలోని కాగితాల వంక చూసుకున్నాడు. నిలబడి చదివే నటుడు జారవిడుస్తాడు. కూర్చుని చదివేవాడు పేరుస్తాడు. ఇరవై ఏళ్ళ అలవాటు, చేతులు నెత్తుట్లో ఉన్నా పోదు.

“నటుడు జాస్పర్ లోవెల్ ఈ మధ్యాహ్నం హత్యకు గురయ్యారు,” అని గ్రేల్ చదివాడు. “ఈ సందర్భంగా పోలీసులు ఒక యువతిని అదుపులోకి తీసుకున్నారు.” గొంతు నిండుగా, విచారంగా, ఎంత కావాలో అంతే ఉంది. అప్పుడు తలెత్తాడు. హాస్కెట్ ఏడు కాగితాలనీ అద్దానికి ఆనించాడు. నెత్తుటి చుక్కలున్న పేజీని ముందుకి తిప్పాడు.

ఒక్క క్షణం దేశమంతటా మౌనం పడింది. తర్వాత గ్రేల్ వాతావరణం చదివాడు.

ఎర్రదీపం ఆరింది. ఇంజనీరు గొంతుక తడుపుకుంటానని టీకి వెళ్ళాడు. హాస్కెట్ లోపలికి వెళ్ళి తలుపు మూశాడు.

“వార్తలు బాగా చదివారు గ్రేల్ గారూ.”

“సంతోషం.”

“మధ్యాహ్నం ఇంకా బాగా చదివారు.”

గ్రేల్ గాజుకూజాలోంచి నీళ్ళు ఒంపుకున్నాడు. మూసేసిన మైకు వంక ఒకసారి చూశాడు. “లోవెల్ ఆ అమ్మాయి అడుగుల్ని తొక్కేసేవాడు. ఎన్ని బుధవారాలు విన్నానో. పనికి విలువ ఇవ్వని మనిషి.”

“చంపాక వెళ్ళిపోయి ఉండొచ్చు కదా?”

“పచ్చదీపం వెలిగింది.” ఇంతకన్నా వివరణ ఏముంటుందన్నట్టు చూశాడు. “ఎవరో ఒకరు చదవాలి. గాలిలో మౌనం పడనివ్వకూడదు.”

“నోరా పాస్కోకి ఉరి పడుతుంది.”

“ఆ పిల్ల మంచి పనిమంతురాలు,” అన్నాడు గ్రేల్. కూజా ఎత్తి హాస్కెట్ తల మీద బద్దలుకొట్టాడు.

హాస్కెట్‌కి కళ్ళ ముందు తెల్లటి మంట కనబడింది. విరిగిన కూజా మెడ ముఖం మీదకి వస్తుంటే మోచెయ్యి అడ్డం పెట్టాడు. గాజు కోటునీ చొక్కానీ కోసి, కండలో దిగి, ఎముకని గీసింది. అరిచాడు. ఆ అరుపుని గోడలు మింగేశాయి. ఇద్దరూ బల్ల మీదుగా దొర్లారు. పేర్చిన కాగితాలు గది నిండా ఎగిరాయి. గ్రేల్ అతని ఛాతీ మీద మోకాలు పెట్టి, రెండు చేతులతో గొంతు నులిమాడు. నులుముతూ ఏమీ మాట్లాడలేదు. మొగం కూడా చిట్లించలేదు. హాస్కెట్ చేతికి మైకు ఇనపస్తంభం తగిలింది. దాన్ని ఉన్న బలమంతా పెట్టి గ్రేల్ పక్కటెముకల్లోకి కొట్టాడు. ఏదో విరిగింది. మళ్ళీ కొట్టాడు. గ్రేల్ లేచి, తూలి, వెనక్కి వెళ్ళాడు. అతని బరువంతా అద్దం మీద పడింది.

అద్దం పగిలింది. ఆ గదిలోంచి బయటికి వినబడిన మొదటి చప్పుడు అదే. జనం పరుగెత్తుకొచ్చేసరికి గ్రేల్ చట్రానికి వేలాడుతున్నాడు. గొంతులో వెడల్పాటి గాజుపెంకు దిగి ఉంది. మాట కోసం నోరు తెరిచాడు. ఎర్రటి బుడగలు వచ్చాయి. హాస్కెట్ తెగని చేత్తో ఆ గాయాన్ని అదిమిపట్టుకుని, డాక్టరు వచ్చేదాకా వదల్లేదు. చావనిస్తే ఆ అమ్మాయి కూడా చస్తుంది.

ఆసుపత్రిలో డాక్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “బతుకుతాడు. గొంతు మాత్రం ఇక రాదు.”

హాస్కెట్ కట్టు కట్టిన చేత్తో మంచం దగ్గర కూర్చున్నాడు. ఒక కాగితం, పెన్సిలు గ్రేల్ చేతిలో పెట్టాడు. “ఒక్క ముక్క రాయండి. ఆ అమ్మాయి కోసం. మీరే అన్నారు, పనిమంతురాలని.”

గ్రేల్ కాగితాన్ని చూశాడు. దాన్ని పక్కనున్న బల్ల మీద బోర్లించాడు. మూలని బొటనవేలితో సర్దాడు. పెన్సిలుని దాని అంచు వెంట తిన్నగా పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

నడవాలో డ్రేకట్ ఎదురొచ్చాడు.

“ఒప్పుకున్నాడు,” అన్నాడు హాస్కెట్.

“ఎవరు విన్నారు?”

“నేను.”

“నువ్వొక్కడివే. మూసిన గదిలో, మూసిన మైకు ముందు. నువ్వు మీద పడితే భయపడి తిరగబడ్డాడని అతని లాయరు అంటాడు. జడ్జీ నీ కట్టు చూసి జాలిపడతాడు, అంతే.” డ్రేకట్ టోపీ పెట్టుకున్నాడు. ఈసారి నవ్వలేదు. “నువ్వు చెప్పేదే నిజమైతే వాడి బూడిదరంగు కోటు నెత్తుట్లో తడిసి ఉండాలి. వాడి గదిలో వెతికించాను, లేదు. కోటు తీసుకురా హాస్కెట్. అప్పుడు వింటాను. తేకపోతే ఆ పిల్లని పొద్దున్న పదింటికి నిలబెడతాను.”

అతను వెళ్ళిపోయాడు. హాస్కెట్ కాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నర్సుల గదిలో ఎవరో రేడియో పెట్టారు. కొత్త గొంతు ఒకటి, కాస్త తడబడుతూ, తర్వాతి కార్యక్రమం పేరు చెబుతోంది.

అతను తన కోటు భుజాన వేసుకుని మళ్ళీ రేడియో భవనం వైపు నడిచాడు. గ్రేల్ కోటు ఇంకా దొరకలేదు. నోరా పాస్కో ఇంకా లాకప్‌లోనే ఉంది.